గుప్పెడు గాజుపెంకులు

కుర్చీ చూపించినా నర్సు కూర్చోలేదు. "మా తమ్ముణ్ణి నేనే జైలుకు పంపానండీ," అంది.

భూతద్దంగారు టీ గ్లాసు పక్కన పెట్టారు. డిటెక్టివ్‌కు ఆ పేరు ఊరు పెట్టింది. ఆయన దగ్గర భూతద్దం ఉండగా ఎవరూ చూడలేదు. ఆ కళ్లుండగా అదెందుకని ఆయన అసిస్టెంటు గొప్పగా చెప్పుకుంటాడు.

నర్సు తమ్ముడు రొట్టెల వ్యాను నడిపేవాడు. వంతెన దగ్గర ఏదో బండి ఒక సైకిలు మనిషిని గుద్ది చంపి పారిపోయింది. వ్యాను హెడ్‌లైటు పగిలి ఉందని ఇతన్ని పట్టుకున్నారు. గేటుకు తగిలి పగిలిందని మొత్తుకున్నా ఎవరూ వినలేదు. ప్రభుత్వం తరఫున కేసు నడిపిన పీపీగారు మాత్రం ఆమెను పిలిచి, నేరం ఒప్పుకుంటే కొద్ది శిక్షతో బయటపడతాడని చెప్పాడు. నన్ను అన్ననుకో అమ్మా అన్నాడట. ఆమె తమ్ముణ్ణి కాళ్లావేళ్లా పడి ఒప్పించింది. ఏడేళ్లు వేశారు.

భూతద్దంగారు వ్యానును చూశారు. లైటుకు ఒక మూలే ఎగిరిపోయింది, రెండు వేళ్లు పట్టేంత సందు. తర్వాత కోర్టు అనుమతితో సాక్ష్యాల గది తెరిపించారు.

మర్నాడు పీపీగారి ఆఫీసులోనే అందర్నీ కూర్చోబెట్టారు. నర్సు, కేసు పట్టిన ఇన్‌స్పెక్టరు, లాయర్ల క్రమశిక్షణ సంఘం అధ్యక్షురాలు వచ్చారు.

"రోడ్డు మీద దొరికిన గాజు ఎంత సార్?"

"రెండు పెంకులు. కోర్టుకు చూపించాంగా," అన్నాడు పీపీ.

భూతద్దంగారు ఆ సాక్ష్యాల గదిలో దొరికిన ఒక సంచి బల్ల మీద బోర్లించారు. గుప్పెడు పెంకులు గలగలమన్నాయి.

"దీని మీద సీలు మీదే. రెండు వేళ్ల సందులోంచి ఇంత గాజు ఎలా రాలింది?"

ఏరిందంతా పీపీగారి చేతికే ఇచ్చానని ఇన్‌స్పెక్టరు తల వంచుకుని చెప్పాడు. రోడ్డన్నాక ఏవో పెంకులుంటాయని పీపీ గొణిగాడు.

"గుద్దింది వేరే బండని మీకు తెలుసు. విచారణ జరిగితే ఈ సంచి విప్పాల్సి వచ్చేది. ఓడిపోని ప్లీడరన్న పేరు పోయేది. అందుకే ఈమెను చెల్లెల్ని చేసుకున్నారు."

నర్సు పీపీ వంకే చూస్తూ ఉండిపోయింది. ఎంత నమ్మింది పిచ్చితల్లి! అధ్యక్షురాలు ఆ సంచిని తన దగ్గరికి లాక్కుని, ఇక నల్లకోటు తీసి పక్కన పెట్టమని పీపీకి చెప్పింది.

కేసు తిరగతోడారు. తమ్ముడు విడుదలైన రోజు జైలు గేటు దగ్గరికి భూతద్దంగారు తన కారులోనే నర్సును తీసుకెళ్లారు. ఆమె చేయి పట్టుకోబోతే తమ్ముడు వెనక్కి తగ్గాడు.

"ఆ పీపీ పరాయివాడక్కా, అబద్ధం చెప్పాడు. నేను చెయ్యలేదని నేనూ చెప్పాను కదా. నువ్వు ఆయన్నెందుకు నమ్మావు?"

వెంట వచ్చిన అసిస్టెంటు అలవాటుగా భూతద్దంగారి వైపు చూశాడు. ఆయన కారు తాళాలు వెతుక్కుంటున్నారు. నర్సు కారెక్కి వెనక సీట్లో జరిగి చోటిచ్చింది. తమ్ముడు వెళ్లి ముందు సీట్లో కూర్చున్నాడు.