గీత తప్పిన ఏడు చప్పట్లు

మంగళవారం ఉదయం కరియాకూ బజారులో ఏజెంట్ చొండే టీ కప్పు పైకెత్తాడు. తాగలేదు. తుపాకీ పేలిన చప్పుడు ఎవరికీ వినపడలేదు. అతని బూటులో ఒక పెన్‌డ్రైవ్ దొరికింది. అందులో ఒకే ఒక్క పాట.

"సింగేలీ పాట," అంది గూఢచారి విభాగం చీఫ్ మ్వానైసి. "నిమిషానికి రెండొందల నాలుగు బీట్లు. దార్ ఎస్ సలామ్‌లో ప్రతి పెళ్ళిలో మోగేదే. కానీ మూడో నిమిషంలో ఏడు చప్పట్లు కంప్యూటర్ తెర మీది తాళం గీత మీద పడటం లేదు. కొన్ని వెంట్రుకవాసి ముందు, కొన్ని వెనక."

"కొట్టినవాడు తాగి ఉంటాడు మేడమ్," అన్నాడు ఏజెంట్ సెఫూ.

"ఆ ఎడాలే తాళంచెవి. ఊళ్ళో ఎక్కడో ఓ బాంబు రేడియో వింటూ కూచుంది. కచేరీల ఏజెంటునని తిరుగుతున్నాడే వెర్నర్, ఆ ముఠా పనే. శనివారం మధ్యాహ్నం ఎఫ్.ఎం.లో ఈ పాట."

"స్టేషన్ మూయించేద్దాం."

"ఇంకో స్టేషన్‌లో ఇంకో పాట వేయిస్తాడు. అదేదో మనకి తెలీదు. పాట రావాలి, బాంబు పేలకూడదు. ఎందుకు పేలలేదో చూడ్డానికి వెర్నరే దాని దగ్గరికి పోతాడు. మనవాళ్ళు వెనకే ఉంటారు."

"టెంపో తగ్గిస్తేనో?"

"పాటతో పాటు ఎడాలూ సాగుతాయి. అయినా బాంబు గుర్తుపడుతుంది. ఆ ఏడింటినీ గీతల మీదికి లాగాలి. క్వాంటైజ్ అంటారట. నేర్చుకో."

శనివారం సౌండ్ ఇంజనీరు వేషంలో, పెట్టుడు గడ్డంతో సెఫూ స్టేషన్‌లో అడుగుపెట్టాడు. గాయని రుకియా ఎర్ర గౌనులో మెరిసిపోతోంది. వెర్నర్ ముఠాలో విభాగం పెట్టిన మనిషి ఆమె.

"కొబ్బరన్నం చల్లారింది," అంది. కోడ్ అదే.

"వేడిచేస్తే సరి," అన్నాడు సెఫూ, ఊపిరి పీల్చుకుంటూ.

మరుక్షణం అతని డొక్కలో ఆమె పిస్తోలు గుచ్చుకుంది.

పది నిమిషాల తర్వాత అతను మైకు వైరుతో కుర్చీకి కట్టేసి ఉన్నాడు. గడ్డం సగం ఊడి వేలాడుతోంది. ప్రసారం మొదలైనట్టు ఎర్ర దీపం వెలిగింది. రుకియా లాప్‌టాప్‌లోంచే పాట నేరుగా గాలిలోకి పోతోంది. ఆమె మొదటి చరణం పాడి, మైకు ఆపి, చెమట తుడుచుకుంది.

సెఫూకి తెర కనిపిస్తోంది. కుడివైపు నుంచి ఆ చప్పట్ల తాలూకు ఏడు చిన్న గడులు, గీతలకి అటూ ఇటూగా, జరిగి వస్తున్నాయి. చెయ్యి చాపితే అందేంత దూరం. చేతులే కట్టేసున్నాయి. మూడు రోజులు నేర్చుకున్న విద్య వేళ్ళలోనే ఉండిపోయింది. అరిచినా స్టూడియో గాజు గోడ దాటి గొంతు పోదు.

"అక్కా, ఆ చప్పట్లు దేనికో తెలుసా?"

"సరుకు దింపమని సిగ్నల్. నీకెందుకయ్యా?"

"చొండేని సరుకు కోసం చంపుతారా? ఇవాళ ఎటు వెళ్ళొద్దన్నాడు వెర్నర్?"

గడులు దగ్గరవుతున్నాయి.

"రేవు వైపు," అంది చివరికి. "మా చెల్లెలు ఫెర్రీ పక్కనే చేపలమ్ముతుంది."

"ఫోన్ చేసినా అందదు. ఇంకో అరనిమిషం కూడా లేదు. ఆ ఏడింటినీ గీతల మీదికి లాగెయ్ అక్కా."

రుకియా లాప్‌టాప్ మీదికి వంగింది. ఏడు గడులనూ చుట్టి పట్టుకుంది.

"ఎంత శాతం?"

"నూరు."

"పాట చచ్చిపోతుంది."

"చావనీ అక్కా."

మీట నొక్కింది. గడులు గీతల మీదికి టక్కున జరిగాయి. వెంటనే ఏడు చప్పట్లు మోగాయి, బల్లమీద మేకులు కొట్టినట్టు. ఇద్దరూ కిటికీలోంచి రేవు వైపు చూస్తూ ఉండిపోయారు. పొగ లేవలేదు. ఆమె మైకు తెరిచి రెండో చరణం అందుకుంది.

నలభై నిమిషాల తర్వాత, ఫెర్రీ టికెట్ల గది వెనక బల్ల కింద చెయ్యి పెట్టి బాంబు రేడియోని కుదుపుతున్న వెర్నర్‌ని విభాగం మనుషులు పట్టుకున్నారు. రుకియా తనంతట తానే బేడీలకి చేతులు చాపింది.

ఆ సాయంత్రం రిపోర్టు అడుగున మ్వానైసి ఒక వాక్యం చేర్చింది: "శ్రోతలు తొమ్మిదిమంది స్టేషన్‌కి ఫోన్ చేసి, పోలీసు కవాతులాంటి ఆ చప్పట్లు కొట్టిందెవరని నిలదీశారు."