కత్తెర పెట్టని కొలత

కంప్యూటర్ తెర మీది బొమ్మ అడుగు వేసినప్పుడల్లా గొంగడి కోటు పట్టుచీరలా జారుతోంది. దీప్తి దాన్ని మురిపెంగా చూసుకుంటుండగా వెనుక బల్ల నుంచి చిన్న నవ్వు వినిపించింది.

"గది గొంగడి గాదు," అన్నాడు మల్లికార్జున్.

మహబూబ్‌నగర్ కాలేజీలో ఆమెది ఫ్యాషన్ డిజైన్, అతనిది కంప్యూటర్ కోర్సు. ల్యాబు ఇద్దరికీ ఒక్కటే. మాట మాత్రం ఇదే మొదలు.

"మరేంది?"

"దుప్పటి. గొంగడి గట్ల జారదు, నిలబడుతది."

దీప్తి ముఖం ఎర్రబడింది. మేళ్లచెరువు సిమెంటు కాలనీలో పెరిగిన పిల్ల. గొంగడిని బస్సు కిటికీలోంచి తప్ప చూసింది లేదు. సాఫ్ట్‌వేర్‌లో 'ఉన్ని' అన్నచోట నొక్కింది, అది చూపిన వంపుల్ని నమ్మింది. ఇంకో పది రోజుల్లో కాలేజీ ప్రదర్శన. నెగ్గిన ఒక్క డిజైనే హైదరాబాద్ పోటీకి వెళుతుంది. న్యాయనిర్ణేతల్లో ఒక్కరికి గొంగడి తెలిసినా ఏడాది శ్రమ నవ్వులపాలు.

మరునాడు ఆమే అతని బల్ల దగ్గరికి వచ్చింది. అరచేయంత గొంగడి ముక్క దొరికితే దాని బరువూ వంపూ కొలిచి, ఆ అంకెలు కంప్యూటర్‌కు ఇస్తానంది. మక్తల్ దగ్గరి తమ ఊళ్లో, గొర్రెలు కాసే తమ ఇంట్లో, గొంగడికి కత్తెర పెట్టరని అతను నేలకు చెప్పినట్టు చెప్పాడు. కావాలంటే వచ్చి చూడమన్నాడు. అన్నాక, ఆ ధైర్యం ఎక్కడిదో తనకే తెలియలేదు.

ఆదివారం స్నేహితురాలు గ్లోరీని వెంటబెట్టుకుని దీప్తి వెళ్లింది. మల్లికార్జున్ వాళ్ల అవ్వ గుర్వమ్మ, దండెం మీది నల్ల గొంగడి దించి ఆమె ఒళ్లో పెట్టింది. నేసేటప్పుడు ఉన్ని దారానికి చింతగింజల గంజి పట్టిస్తారని, అందుకే అది వంగమంటే వంగదని చెప్పింది. దీప్తి కోత మాట ఎత్తలేదు. గొంగడిని తూకం వేసింది. మంచం అంచు దాటించి, ఎంత దూరం తిన్నగా సాగి ఎక్కడ తలవంచుతుందో స్కేలుతో కొలిచింది.

అంతలో వాన. ముందొక చినుకు, వెనుకే చినుకుల మంద. గుర్వమ్మ గొంగడిని మూడు మడతలు వేసి దీప్తి తల మీంచి వీపు దాకా కప్పేలా కొప్పెర పెట్టింది. వాన దాని మీద వాలి, పట్టు దొరక్క జారిపోయింది. దీప్తి వాకిట్లోనే నిలబడి మడతల్ని వేళ్లతో తడిమి చూసుకుంది. మల్లికార్జున్ ఆమెను చూశాడు. ఆమె చూసేలోగా వానను చూశాడు.

"కోటెందుకు?" అంది దీప్తి, తనలో తానే. "గిదే డ్రెస్సు. కొయ్యొద్దు, కుట్టొద్దు."

ఆ వారమంతా ఒకే తెర ముందు రెండు కుర్చీలు. తెర మీద మడత వేసిన చోట గుడ్డలోకి గుడ్డ దూరిపోతుంటే ఆ చిక్కు అతను విప్పాడు. కొత్త అంకెలతో గొంగడి నిలబడింది.

ప్రదర్శన నాడు గుర్వమ్మ కూడా మనవడి వెంట వచ్చింది. కుట్లెక్కడని ఒక న్యాయనిర్ణేత అడిగారు. కుట్లు లేవని, ఒకే గుడ్డకు మూడు మడతలేనని చెప్పి, దీప్తి తెర మీద వాటిని ఒక్కొక్కటే విప్పింది. చివరికి చదునైన నల్ల గొంగడి మిగిలింది. ఆయన లేచి దగ్గరికి వచ్చి, మళ్లీ మడవమన్నారు. సాయంత్రం హైదరాబాద్‌కు పిలిచిన పేరు ఆమెదే.

గుర్వమ్మ చప్పట్లను పట్టించుకోలేదు. తెర మీద గొంగడి కప్పుకున్న బొమ్మనే చూస్తోంది.

"బిడ్డా, గీ బొమ్మ మా మల్లి లెక్కనే ఉన్నదేంది? ఎడమ భుజం గట్లనే కిందికున్నది."

గ్లోరీ దగ్గింది. మల్లికార్జున్ తెరను చూశాడు, తన భుజాన్ని చూసుకున్నాడు.

"నన్నెప్పుడు కొలిచినవ్?"

"కొలవలే," అంది దీప్తి, తల ఎత్తకుండా. "రోజూ చూసుకుంటనే చేసిన."

అతను ఆమె వైపు వంగాడు. ఆమెకు మాత్రమే వినపడేలా అన్నాననుకుని, అందరికీ వినపడేలా అన్నాడు.

"నేను గూడ రోజూ చూసిన. నాకు బొమ్మ గియ్యరాదు గాబట్టి ఎవలికి తెల్వలే."

గుర్వమ్మ తాపీగా ఒక కుర్చీ లాక్కుని ఇద్దరి మధ్యా కూర్చుంది.

"మీ అమ్మ ఫోన్ నంబర్ చెప్పు బిడ్డా," అంది.