కొత్త వెదురు చీల

హచియా వారి వితంతువు మిసావో ఇంట్లో పొద్దుటి నుంచీ కత్తుల మీద వెనిగర్ కాచి పోస్తున్నారట. ఆ కంపుకి వీధి పిల్లులు కూడా పక్క సందుకి మకాం మార్చాయట. కత్తుల తయారీకి పేరుపడ్డ సెకి ఊళ్ళో టోఫు అమ్మే ఒకియో తన తోడికోడలితో అంటే, ఆవిడ మంగలి షాపులో అంటే, ఆ కబురు చివరికి నగోయాలో బోర్డు లేని ఒక ఆఫీసుకి చేరింది.

"వెనిగర్ దేనికయ్యా?" అన్నాడు చీఫ్ కుమజావా.

"మరకలకి సర్," అన్నాడు ఏజెంట్ ఒగిసో. "యుద్ధంనాటి ఫ్యాక్టరీ కత్తి మీద తుప్పు మరక పుట్టించి, నెత్తుటి మరక అని చెబితే చాలు. విదేశీ కలెక్టర్లు ఎగబడతారు."

చెబుతుంటేనే అతని నోరు చేదెక్కింది.

"క్రెగర్ అనే విదేశీయుడు ఆ ఇంట్లో అలాంటివి నలభై పోగేశాడు," అన్నాడు చీఫ్. "కత్తులు సాకు మాత్రమే. సముద్రం అవతల మనకి పనిచేసే పదకొండు మంది పేర్లు మైక్రోఫిల్మ్ మీదికెక్కాయి. ఆ ఫిల్మ్ ఒక కత్తిలో ఉంది. రేపు మూడున్నరకి పెట్టె మీద రాయబార కార్యాలయం సీలు పడుతుంది. పడితే మనం ముట్టుకోలేం. ఆ పదకొండు మందీ బతకరు."

"ఇప్పుడే రెయిడ్ చేస్తే?"

"ఫిల్మ్ దొరక్కపోతే ఇంకో దారిన పోతుంది. వాడికి వెలకట్టే నిపుణుడు కావాలట. వెళ్ళు. లోపల మన మనిషే ఉంది, మిసావో. రెండేళ్ళుగా మనకి కబుర్లు మోస్తోంది. కోడ్ గుర్తుపెట్టుకో: ఈ ఏడు ఆయు చేపలు సన్నబడ్డాయి."

మర్నాడు మధ్యాహ్నం దొంగ మీసం, సోడాబుడ్డి కళ్ళద్దాలు, చెవిలో వినికిడి మిషన్ రూపంలో ట్రాన్స్‌మిటర్‌తో ఒగిసో మిసావో ఇంటి మేడ మీద చాపపై కూర్చున్నాడు. బూడిదరంగు పట్టు కిమోనోలో ఆమె టీ పోస్తుంటే, ఆ చేతుల్నే చూడాలనిపించేటంత అందం.

"ఈ ఏడు ఆయు చేపలు సన్నబడ్డాయండీ," అన్నాడు.

"ఏరు మాత్రం లావైంది గురువుగారూ," అందామె, కళ్ళెత్తకుండా.

క్రెగర్ ఒక కత్తి దూసి, మరకని ముక్కుకి ఆనించి వాసన పీల్చాడు. "గురువుగారూ, ఇది మనిషిని నరికిందా?"

"బాగా పనిచేసిన కత్తే," అన్నాడు ఒగిసో. క్రెగర్ మొహంలోని ఆకలి చూస్తే, పెంట మీద వాలిన ఈగే నయం.

"పిడులు ఊడదీయొద్దు. టైం లేదు," అన్నాడు క్రెగర్.

ఒగిసో ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాడు. పధ్నాలుగో ఏట ఇదే ఊళ్ళో సైన్యానికి పిడులు బిగించిన చేతులవి. ప్రతి పిడిలోనూ అలుగుని పట్టి ఉంచే వెదురు చీల చెమటకి నల్లబడి ఉంది. ముప్పై ఒకటో కత్తి దగ్గర వేలు ఆగింది. ఈ చీల కొత్తది. పొగబెట్టి, నున్నగా చెక్కి, వెంట్రుకవాసి సందు లేకుండా బిగించారు.

పిడి విప్పినవాడు బయటివాడైతే పాత చీలే దూర్చి పోయేవాడు. ఊడదీసేటప్పుడు బీటవేసిన చీలని తిరిగి కొట్టడానికి కత్తుల ఇంట్లో పెరిగిన చెయ్యి ఒప్పుకోదు. బీటచీల ఉన్న కత్తి అలుగు ఊడి, పక్కవాడి గొంతులో దిగుతుందని పాలతోపాటు నేర్పుతారు. దొంగపని చేస్తూ కూడా ఆ చెయ్యి అలవాటు తప్పలేదు. ఈ మేడ మీద అలాంటి చెయ్యి ఇంకొకటే ఉంది. అది టీ పోస్తోంది.

గడియారం మూడూ ఇరవై తొమ్మిది. రాయబార కార్యాలయం గుమాస్తా లక్క కరిగిస్తున్నాడు. క్రెగర్ పెట్టె మూత ఎత్తి పట్టుకున్నాడు.

ఒగిసో చిన్న సుత్తితో చీల తలని ఒక్కటిచ్చాడు.

"గురువుగారూ," అంది మిసావో మెల్లగా. "అది ముట్టకండి."

క్రెగర్ పిస్టల్ తీశాడు. అప్పటికే పిడి ఊడి ఒగిసో చేతికొచ్చింది. దాన్నే వాడి మణికట్టు మీద విసిరికొట్టాడు. గుండు పైకప్పులో దిగింది. పిస్టల్ టీ కుండలో పడింది. పిడిలోంచి గోరంత ఫిల్మ్ చాప మీదికి జారింది. గుమాస్తా లక్క తన బొటనవేలి మీదే పోసుకుని కెవ్వుమన్నాడు. ట్రాన్స్‌మిటర్ నొక్కేసరికి మెట్ల మీద బూట్లు మోగాయి.

చీఫ్ ఎగశ్వాసతో పైకొచ్చాడు. ఒగిసో కొత్త చీల చూపించి, టీ పోసిన చేతుల వైపు సైగ చేశాడు. చీఫ్ ఫిల్మ్‌ని రుమాల్లో చుట్టి, మిసావో వైపు తిరిగాడు.

"రెండు చోట్లా తిన్నావు, పోనీ అనుకుందాం. పదకొండు మంది మెడలు కదమ్మా. చేతులెలా వచ్చాయి?"

ఆమె కిమోనో మెడపట్టీ సర్దుకుంది.

"యుద్ధంలో ఈ ఊరు వేలకి వేలు కత్తులు చేసి పంపిందండీ. ఏ మెడ మీదికని అడిగినవాడు ఒక్కడుంటే చూపించండి, సిగ్గుపడతాను."