చేతికుట్టు

“అమ్మా! నువ్వా... నువ్వేనా ఈ పని చేస్తున్నది?!”

కూతురు గుమ్మంలోంచి పరుగున వచ్చింది. సాయంత్రానికి కుట్టి ఇవ్వాల్సిన గౌను, అంచంతా ఊడి తల్లి ఒడిలో పడివుంది. కొన్నాళ్ళుగా ఇదే వరస! దారం నాసిరకమనుకుని దుకాణం వాడితో గొడవపడింది. తన చూపే మందగించిందనుకుని కుమిలిపోయింది. పాత ఖాతాదారులంతా ఒక్కొక్కరే ముఖం చాటేస్తుంటే, చేతిలో ఉన్న విద్య కూడా పోయిందని ఎంత ఏడ్చిందో పాపం! తీరా ఇవాళ బజారుకని బయల్దేరి, సంచి మరిచి వెనక్కి వచ్చేసరికి... కిటికీ పక్క మంచం మీద కన్నతల్లే సూదిమొనతో ఒక్కో కుట్టూ లాగుతోంది!

“నా నోటికాడ కూడు నువ్వే లాగేస్తే ఇంకెవరితో చెప్పుకోను? చాలమ్మా, చాలు! రేపే నిన్ను అక్క ఇంట్లో దింపేస్తాను!”

కడుపు మండితే కన్నకూతురికైనా నోరు ఆగుతుందా మరి!

“అంతమాట అనకే తల్లీ... మిషను ముందు కూర్చున్నావంటే పొద్దంతా నీ వీపే కనిపిస్తుంది. పిలిచినా ఆ చప్పుడులో వినపడదు. అంచు ఊడితే మళ్ళీ చేతికుట్టేగా... వెలుతురు కోసం నా పక్కకి వస్తావు... నాలుగు మాటలు చెబుతావు... మీ నాన్న పోయాక నాతో మాట్లాడే దిక్కెవరే?”

కూతురి గుండె తరుక్కుపోయింది. ఇల్లంతా తనే ఊడుస్తూ, వేళకింత పెడుతూ, అమ్మకేం లోటు లేదనుకుంది ఇన్నాళ్ళూ! ఆమె పక్కన ఊరికే ఎప్పుడు కూర్చుందో గుర్తు చేసుకోబోతే ఒక్క రోజూ గుర్తుకు రాలేదు. అక్క ఇంటి మాట మళ్ళీ ఎత్తలేదు. కానీ అన్న మాట వెనక్కి తీసుకోవడం ఎవరి తరం? తల్లి ఆ రోజు నుంచి బట్టల వైపు కన్నెత్తి చూస్తే ఒట్టు! చేతులు రెండూ ఒళ్ళో దాచుకుని, గోడవైపు తిరిగి కూర్చునేది.

ఒక మధ్యాహ్నం కూతురు మిషను ఆపేసింది. వట్టి చేతులతో వచ్చి మంచం మీద కూర్చుంది. ముసలామె ఉలిక్కిపడింది.

“ఏం ఊడింది? నేను తాకలేదమ్మా... నీ మీద ఒట్టు!”

“ఏమీ ఊడలేదమ్మా... ఊరికే నీతో కబుర్లు చెబుదామని వచ్చాను.”

తల్లి ఆ వట్టి చేతుల వైపు చాలాసేపు చూసింది. కళ్ళనిండా నీళ్ళు నింపుకుని, నెమ్మదిగా అడిగింది.

“పని మానుకుని మరీ వచ్చావంటే... అయితే... అక్క వాళ్ళింటికి ఎప్పుడు బయల్దేరాలే?”