వారానికి ఇరవై గంటలే

ఆదివారం పొద్దున పదిన్నర. గోదావరి చేట ముందేసుకుని అరుగు మీద బీడీలు చుడుతోంది. లోపల ఆమె చిన్నకొడుకు శ్రీధర్ వంటింటికీ వాకిలికీ మధ్య తిరుగుతున్నాడు. బోధన్ రోడ్డులో అతనికి మోటార్ వైండింగ్ షాపు ఉంది. మే నెల ఎండలకు కాలిపోయిన మోటార్లను చెరకు రైతులు ఆదివారం కూడా తెచ్చి దింపుతారు. అయినా ఆ రోజు షాపు తెరవలేదు. భార్య సుమలత రెండు రోజులుగా ఫోన్ ఎత్తడం లేదు.

ఆమె ఇంగ్లండులోని లెస్టర్‌కు వెళ్లి ఎనిమిది నెలలైంది. నిజామాబాద్‌లో ఒక ల్యాబ్‌లో ఆరేళ్లు పనిచేసి, ముప్పై రెండో ఏట పై చదువుకు వెళ్లింది. భర్తను వెంట తీసుకుపోవడానికి ఆ కోర్సు వీసా ఒప్పుకోలేదు. లెస్టర్‌లోనే శ్రీధర్ అన్న నాగేందర్‌కు కిరాణా షాపు ఉంది కదా అని అందరూ ధైర్యం చెప్పుకున్నారు.

ఫోన్ మోగింది. సుమలత కాదు, నాగేందర్.

“మీ ఆమె నా ఇజ్జత్ తీసిందిరా! శుక్రవారం గిరాకి మీదున్నప్పుడు ఏప్రాన్ ఇడిసి కౌంటర్ మీద పారేసి పోయింది. ఇగ రాదట. ఇంటి మనిషి గదా అని పిలిస్తే గిట్ల చేస్తదా?”

శ్రీధర్ ముఖం ఎర్రబడింది. “నేను మాట్లాడుత అన్నా,” అని పెట్టేసి, సుమలతకు వరసగా ఫోన్లు కొట్టాడు. ఏడోసారికి ఎత్తింది.

“ఏందిది? నువ్వు దిగిననాడు అన్న కారేసుకొని వచ్చిండు. నెల రోజులు ఇంట్ల పెట్టుకున్నడు. జర సాయం చెయ్యమంటే నామోషీనా నీకు?”

“అది సాయం కాదు,” అంది సుమలత. గొంతు బొంగురుపోయి ఉంది. “ముసలోళ్ల హోంల నాకు వారానికి ఇరవై గంటల పనుంది. కోర్సు నడిచేటప్పుడు స్టూడెంటుకు గంతే. దానిమీద ఒక్క గంట చేసినా తప్పే.”

“అన్న జీతమిస్తలేడు గదా! అది పనెట్లయితది?”

“జీతం లేకున్నా పనే. రూల్ల గట్లనే ఉంది. మార్చిలనే నీకు చెప్పిన. ఏమన్నవ్ నువ్వు? అన్న మాట కాదనకు, ఎవ్వలు సూస్తరు అన్నవ్.”

శ్రీధర్ గొంతు పెంచాడు. “ఎవ్వలు సూసిండ్రు మరి?”

“సూడనీకే వచ్చిండ్రు శుక్రవారం. ఇద్దరు వీసా ఆఫీసర్లు. బావ నా రెక్క పట్టుకొని గుంజుకపోయి, పాలు, కూరగాయలు పెట్టే చల్లగది ఉంటది సూడు, అండ్ల పెట్టి తలుపేసిండు. నలభై నిమిషాలు. వాళ్ల మాటలు నాకు వినవడుతున్నయ్. దగ్గు రాకుంట నోట్ల చున్నీ పెట్టుకున్న. ఆరేండ్లు ల్యాబ్ల ఒక్కరితోని మాట పడలే నేను. వాళ్లు పోయినంక బావ తలుపు తీసి ఏమన్నడో ఎరుకేనా? ‘పో, ఉల్లిగడ్డలు సర్దు’ అన్నడు. అప్పుడిడిసిన ఏప్రాన్.”

“నాకెందుకు చెప్పలే?”

“చెప్తే నువ్వు అన్న దిక్కే మాట్లాడుతవని.”

స్పీకర్‌లో అంతా విన్న గోదావరి లేచి లోపలికి వచ్చింది. పొగాకు చేతులు కొంగుకు తుడుచుకుంటూ ఫోన్ మీదికి వంగింది.

“ఎన్ని దినాలు చేసినవ్ బిడ్డా?”

“ఆరు వారాలు అత్తమ్మా. రేపు యూనివర్సిటీల, వీసా సంగతులు చూసే ఆఫీసుకు పోయి ఉన్నదున్నట్టు చెప్తా.”

శ్రీధర్ ఉలిక్కిపడ్డాడు. “చెప్తవా? వాళ్లకు దొరకలేవు గదా! నాలుగు నెలలైతే చదువైపోతది. వాపస్ పంపిస్తే?”

“చెప్పకుంటే ఈ నాలుగు నెలలు ఎవ్వలు తలుపు కొట్టినా వణుక్కుంట కూసోవాలె. నాతోని కాదు.”

కాల్ ముగిశాక గోదావరి పెద్దకొడుకుకు ఫోన్ కలపమంది.

“నాగేందర్! కోడలును చల్లగదిల పెట్టి తలుపేసినవారా?”

“అవ్వా, షాపు మీద జుర్మానా పడుతుండె. పిల్లలు గలోన్ని. భయమైంది.”

“నీకు భయమైతే ఆమెను దాస్తవా? ఆలుగడ్డల సంచా ఆమె? రేపు ఆమె ఎంబడి పో. నేనే రమ్మన్న, నేనే దాసిన అని నీ నోటితోని చెప్పు.”

“నా షాపు పోతదవ్వా!”

“ఆమె సదువు పోతే ఫరక్ లేదా? పోకుంటే నాకు మళ్ల ఫోన్ చెయ్యకు.”

గోదావరి వచ్చి మళ్లీ చేట ముందు కూర్చుంది గానీ, ఆ రోజు ఇంకొక్క బీడీ కూడా చుట్టలేకపోయింది.

సోమవారం సాయంత్రం నాలుగున్నరకు షాపులో శ్రీధర్ రాగి తీగ చుడుతుండగా సుమలత ఫోన్ చేసింది. ఎదురుగా మోటార్ కోసం వచ్చిన రైతు కూర్చుని ఉన్నాడు. శ్రీధర్ తీగ వదిలేసి రోడ్డు మీదికి వచ్చాడు.

“బావ వచ్చిండు,” అంది ఆమె. “నాకంటే ముందే ఆఫీసు కాడ నిలబడ్డడు. అంతా తనే చెప్పి కాయితం మీద రాసిచ్చిండు. బయటికొచ్చినంక మాఫ్ చెయ్యమన్నడు. నా విషయం ఏం చేసేది తర్వాత ఉత్తరం రాస్తరట. పంపించనూవచ్చు.”

“పంపిస్తే వచ్చెయ్.”

“అందరికి ఏమని చెప్తవ్?”

లారీ ఒకటి హారన్ కొడుతూ వెళ్లింది. అది పోయేదాకా శ్రీధర్ ఆగాడు.

“నా పెండ్లాం సక్కగనే చెప్పింది, నేనే ఇనలే అని చెప్తా. సుమలతా, మార్చిలనే ఇనాల్సింది. నిన్ను ఆ గదిల పెట్టింది అన్న ఒక్కడే కాదు.”

మూడు రోజులుగా ఒక్క కన్నీటి చుక్క రాల్చని సుమలత ఒక్కసారిగా భోరుమంది. అతను ఊరుకోమనలేదు. షాపులోంచి రైతు రెండుసార్లు పిలిచాడు. శ్రీధర్ ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకుని, ఆమె ఏడుపు మొత్తం అయ్యేదాకా, ఎండలోనే నిలబడి విన్నాడు.