గోడ దిగిన పటం

పిల్లలూ, నీలగుండ రాజ్యం కథ చెప్పాలంటే నేను ముందు ముక్కు మూసుకోవాలి. చీమిడిరక్కసి అనే రాక్షసుడు అక్కడి నదిలో ముక్కు చీదాడు. చెప్పడానికే రోతగా ఉంది. తెలియక ఆ నీళ్లు తాగిన రాజుగారి చిన్నకూతురు, ఐదేళ్ల మల్లిక, బురదకప్పగా మారిపోయింది. అమావాస్యలోగా స్ఫటిక సరస్సు నీళ్లు పోస్తేనే ఆమెకు మళ్లీ మనిషి రూపం వస్తుందనీ, లేకపోతే ఎప్పటికీ కప్పగానే ఉండిపోతుందనీ రాజగురువు చెప్పాడు.

సరస్సు దారి తమకు తెలుసని ఆ రాజ్యంలో అందరి నమ్మకం. తోలు మీద గీసిన రాజ్యపటం ఒకటి పాఠశాల దక్షిణపు గోడకు వేలాడుతూ ఉండేది. పిల్లలు దాని ఎదుట నిలబడి, చేతులు చాపి, "కుడిచేతి వైపు సరస్సు, ఎడమచేతి వైపు ఊబి" అని పాడేవారు. అంతే వాళ్ల చదువు. పటాన్ని దించినా, కడిగినా మహాపాపమట. పండగ పండగకూ పసుపు, నూనె పూసి, హారతి మసి పట్టించి మొక్కేవారు. ఆ జిడ్డులో బొద్దింకలు కాపురం పెట్టినా ఎవరికీ పట్టలేదు. వాళ్ల భక్తి తలచుకుంటే ఇప్పటికీ నేను ముక్కు మూసుకుంటాను.

భటులు ఆ గోడ ముందు నిలబడి, కుడిచేయి చూపిన వైపే గుర్రాలు తోలారు. ఊబిలో మెడదాకా దిగబడి, కంపు కొడుతూ తిరిగొచ్చారు. మర్నాడు మళ్లీ అటే బయలుదేరారు.

పెద్ద రాకుమారి వకుళ కూడా ఒకప్పుడు ఆ పాట గొంతు చించుకుని పాడినదే. ఆమె కప్పను చెంబులో పెట్టుకుని, పాఠశాలలో ఉన్న రాజగురువు దగ్గరకు వచ్చింది. పటం వాసన ముక్కుకు తగలగానే వాంతి వచ్చినంత పనైంది. దాన్ని గోడ నుంచి లాగి, కుంకుడు రసంతో కడగసాగింది. గురువు పాపం తగులుతుందని లబలబలాడాడు.

"నా చెల్లెలు కప్ప అయి కూర్చుంది గురువుగారూ. ఇంతకంటే ఏం తగులుతుంది?" అంది వకుళ.

జిడ్డు వదిలాక, పటం కుడి అంచున ఉదయించే సూర్యుడి బొమ్మ బయటపడింది. కిటికీలోంచి పొద్దుటి ఎండ పడుతోంది. వకుళ పటాన్ని నేల మీద పరచి, బొమ్మ సూర్యుడు ఆ ఎండ వచ్చే వైపు ఉండేలా తిప్పింది. సరస్సు తూర్పున ఉంది. ఇన్నాళ్లూ అందరూ దక్షిణానికి తిరిగి పాడుతూ, కుడిచేత్తో పడమటి ఊబిని చూపించారు.

ఆమె పటమూ, కప్ప ఉన్న చెంబూ తీసుకుని తూర్పు అడవి పట్టింది. మూడు దారులు కలిసిన చోట పటం పరచి, సూర్యుణ్ణి సరిచూసుకుని నడుదారిన నడిచింది. కొంతదూరంలో గడ్డం నిండా పేలున్న ముని ఒకడు ఎడమకు పొమ్మన్నాడు. పటంలో అటువైపు లోయ ఉంది. ఆమె దండం పెట్టి తిన్నగా సాగిపోయింది.

ముని వేషం జారిపోయి చీమిడిరక్కసి నిలబడ్డాడు. వాడు తుమ్మగానే జిగట పొగమంచు ఆకాశాన్ని కప్పేసింది.

"నీ సూర్యుడేడీ? దారి తప్పినవాళ్ల భయమే నాకు తిండి. భయపడు, తింటాను" అన్నాడు.

వకుళకు భయం కంటే అసహ్యం ఎక్కువగా కలిగింది. కాళ్ల దగ్గర వాగు ఒక బండకు తగిలి రెండుగా చీలుతోంది. పటంలోనూ ఆ చీలిక ఉంది. ఆమె వాగుకు వాగును సరిపెట్టి పటం తిప్పింది.

"నేనెక్కడున్నానో నాకు తెలుసు. నువ్వు పస్తుండు" అంది.

తిండి దొరకని రాక్షసుడు కుంచించుకుపోయి, ఎండిన చీమిడి పొక్కై రాలాడు. ఛీ, దాని మీద కాలు పడకుండా ఆమె దాటిపోయింది.

అమావాస్యకు ముందే సరస్సు చేరి, కప్ప మీద ఆ నీళ్లు పోయగానే మల్లిక చెంబు పక్కన లేచి నిలబడింది. వకుళ ఆమెను గుండెకు హత్తుకుని ఏడ్చింది. తర్వాత పటం చేతికిచ్చి, ఇంటికి దారి చూపమంది. పిల్ల దాన్ని చెట్టుకు ఆనించి, కుడిచేయి చాపి పాట ఎత్తుకుంది. వకుళ నవ్వి, పటాన్ని నేల మీద పరచమంది.

అప్పటికి సాయంత్రమైంది. మల్లిక పడమట దిగుతున్న సూర్యుణ్ణి చాలాసేపు చూసింది. బొమ్మ సూర్యుణ్ణి అటు కాకుండా, దానికి ఎదురువైపుకు తిప్పింది.

"ఇది పొద్దుటి సూర్యుడు కదక్కా. ఇప్పుడు ఆయన అటు వెళ్లిపోయాడు. మన ఇల్లూ అటే" అంది.

ఇల్లు చేరాక జరిగినదంతా విని, చెల్లెలికీ దారి చూడటం నేర్పిన వకుళకు రాజు పట్టం కట్టాడు. నీలగుండ పిల్లలకు గోడ ముందు పాడే పని తప్పింది. నేల మీద కూర్చుని పటం తిప్పే పాఠం మాత్రం వాళ్లకు మల్లికే చెప్పేది.