ఏ మార్పు పోవాలి?

గురజాలలో మన ఏజెంట్ ఇన్నయ్యను కాల్చింది శత్రువు. అతన్ని ఆ ఇంటికి పంపింది మాత్రం మన గూఢచారి ఆఫీసే.

పాత స్థావరం శత్రువుకు తెలిసిపోయిందని ఏజెంట్ల యాప్‌లో చిరునామా మార్చారు. ఆ తర్వాత చేరిన ఒక చిన్న తప్పును తీసేయమని తోటి ఏజెంట్ వేణుమాధవ్ అడిగాడు. ఆఫీసులో ఆ తీసేయడాన్నే ఒకరు రివర్ట్ అన్నారు, మరొకరు రోల్‌బ్యాక్, ఇంకొకరు రీసెట్. ఆ చివరివాడు మొత్తం యాప్‌నే పాత వెర్షన్‌కు తిప్పాడు. పాత చిరునామా తిరిగొచ్చింది. ఇన్నయ్య వెళ్లి ఆ తలుపు తట్టాడు.

సంతాప సభలో అందరూ అది పొరపాటన్నారు. వేణుమాధవ్ లేచి బయటికొచ్చేశాడు.

ఇప్పుడు మాచర్ల దగ్గర కాలువ కంట్రోల్ రూమ్. వేణుమాధవ్‌ది మోటార్ మెకానిక్ వేషం, చెవి మిషన్‌లో వైర్‌లెస్. కాలువకు నీళ్లాపి, అడుగున కూలీలు సిమెంటు పని చేస్తున్నారు. గేట్లు నడిపే ప్రోగ్రామ్‌లో విదేశీ ముఠా ఒక మార్పు చొప్పించింది. పన్నెండింటికి గేట్లు లేస్తాయి. కూలీలను పైకి పిలుస్తున్నారు కానీ ఉన్నవి రెండే నిచ్చెనలు.

"నరసరావుపేట బేరింగ్ దొరికిందా?" సంకేతపు మాట అన్నాడు వేణుమాధవ్.

"మాచర్ల సైజు లేదంట," అంది హేమశ్రీ, నల్ల కళ్లద్దాలు తీస్తూ. ముఠాకు ఇంజినీరు, మనకు వేగు. లిప్‌స్టిక్‌లో కెమెరా. "రీసెట్ కొడుతున్నా."

"కొట్టనీ," చెవిలో చీఫ్ చంద్రమౌళి అరిచాడు. "రివర్టో రీసెట్టో, పేరేదైతే ఏంది? టైమ్ లేదు!"

వేణుమాధవ్ ఒళ్లు మండిపోయింది. ఆమె మణికట్టు పట్టుకున్నాడు. కాలువ మీద పాత పద్ధతి ఒకటుంది. ఏ గేటు, ఎంత ఎత్తు అన్నది తిరిగి చెప్పించుకున్నాకే చక్రం తిప్పుతారు.

"ఏది పోద్ది, ఏది ఉంటది? చెప్పి కొట్టు."

"ఏందయ్యా నీ పంతులు పని? అక్కడ జనం చస్తుంటే!" అంది హేమశ్రీ.

"చెప్పు."

"ముఠా మార్పు పోద్ది."

"రిపేరు కోసం గేట్లు మూయించిన మార్పు?"

హేమశ్రీ మణికట్టు విడిపించుకోబోయింది. పాత వెర్షన్ నీళ్లు పారిన రోజులది. అది తిరిగొస్తే గేట్లు ఈ క్షణమే లేస్తాయి.

మనకు వేగు అనుకున్నది ముఠా మనిషే. ఆమె రెండో చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి పోయింది. పిస్టల్ బయటికి రాగానే వేణుమాధవ్ స్పానర్ దెబ్బకు ఎగిరిపడింది. పన్నెండయింది, బయట గేట్ల మోటార్లు మూలిగాయి. వేణుమాధవ్ ముఠా మార్పు ఒక్కదాన్నే ఎంచి తీసేశాడు. బెత్తెడు లేచిన గేట్లు ఆగి, మెల్లగా దిగాయి. నీళ్లు ఆఖరి కూలీ పాదాలు తడిపి నిలిచిపోయాయి.

"మీ సార్ కొట్టమన్నదీ అదేగా?" బేడీల్లో హేమశ్రీ నవ్వింది. "నన్నొక్కదాన్నే కట్టేస్తావేం?"

ఆ మాట నిజమే. అదే ఎక్కువ మండించింది.

"శభాష్!" చెవిలో చంద్రమౌళి. "మిషన్ క్లోజ్ అనాలా, కంప్లీట్ అనాలా, రిజాల్వ్‌డ్ అనాలా?"

"కూలీలు బతికారని రాయండి సార్," అని వేణుమాధవ్ చెవి మిషన్ పీకి జేబులో వేసుకున్నాడు.